కొత్త తినని గంగే

గంగేకు పాత బియ్యం మీద మోజు పుట్టిందని మా ఆయన శ్రీరంగం మా కొంటా ఊరి బజారంతా చాటాడు. ఆయనకు నవ్వుకోవడానికి ఏదో ఒకటి కావాలి. అడవి ఊరి నుంచి నెత్తిన బుట్ట పెట్టుకుని వచ్చే ముసలమ్మ, తన పొలంలో పండిన కొత్త బియ్యం మా కొట్లో కుమ్మరించి, దానికి బదులు సగమే అయినా సరే పాత బియ్యం కొలవమంటే ఆయనకు నవ్వు రాక ఏమవుతుంది! “ఏంది గంగే, దొరసానివైనవా? కొత్త బియ్యం గొంతు దిగుతలేవా?” అనేవాడు. గంగే బదులు చెప్పేది కాదు. బియ్యం కొంగున కట్టుకుని మెట్లు దిగిపోయేది.

ఆయన తప్పు కూడా ఏమీ లేదులెండి. మా కోమటిళ్లలో పాత బియ్యమంటే ప్రాణం. ఏడాది మాగితే అన్నం పొడిపొడిగా వస్తుంది, ఇంటికొచ్చిన వియ్యంకుడి ముందు పరువు నిలబెడుతుంది. కొత్త బియ్యం వండితే ముద్దవుతుందని, కడుపునొప్పి తెస్తుందని మా అత్తగారు పిల్లల దగ్గరికి కూడా రానిచ్చేది కాదు. అందుకే గంగే పాత బియ్యం అడగ్గానే మా ఆయనకు రుచి సంగతే తోచింది. వ్యాపారం చేసుకునేవాడికి ఇంకేం తోస్తుంది?

నాకు మాత్రం ఆమె మాట్లాడకపోవడం నచ్చలేదు. గంగే మాట్లాడని మనిషి కాదు. నేను దుమ్ముగూడెం నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో ఈ ఊళ్లో నన్ను మొదట నవ్వించింది ఆమే. పొట్టిగా, గట్టిగా, నుదుటి నిండా పచ్చబొట్లతో ఉండేది. ఎవరినీ “మీరు” అనేది కాదు. తహసీల్దారు ఎదురైనా “ఏంది, నువ్వు మా ఊరికి ఎప్పుడొస్తవ్?” అని అడిగేది. తను అమ్మకానికి తెచ్చిన చింతపండు మా ఆయన తూచుతుంటే కాటా వైపు వంగి చూసి, “సేటూ, నీ కాటాకు జరమొచ్చిందా, వొణుకుతున్నది?” అని కొట్టంతా వినబడేలా అనేది. మా ఆయన ముఖం చూడాలి అప్పుడు. చేసేది లేక కాటాలోంచి ఒక చింతపండు ముద్ద తీసి ఆమె బుట్టలో పడేసేవాడు.

ఆమె మొగుడు భీమా. కల్లు గీయడానికి జీలుగు చెట్టు ఎక్కడంలో చుట్టుపక్కల డోర్ల గిరిజనుల ఊళ్లలో అతణ్ని మించినవాడు లేడని చెప్పుకునేవారు. మనిషి నిదానం. కల్లు తాగితే ఇంకా నిదానం. గంగేకు చాలామంది పిల్లలు పుట్టారు, ఒక్కడే బతికాడు. వాడు జోగ. ఒక్కడే మిగిలాడని ఆ పిల్లాణ్ని ఆమె ఎంత గారాబం చేసిందంటే, మీసాలొచ్చాక కూడా బజారులో వాడి చెయ్యి పట్టుకుని నడిచేది.

ఆ గారాబమే చేసిందో, ఖర్మే చేసిందో, జోగ తాగుబోతయ్యాడు. అయ్యలాగా కల్లుతో ఆగలేదు. ఇప్పసారా. పొద్దున లేస్తే సారా, పొలం పోతే సారా. పెళ్లాం సన్నే నోరులేని పిల్ల. బుగ్గ వాచి బజారుకొచ్చేది, కొంగు అడ్డం పెట్టుకునేది. ఒకసారి వాడు తోసిన తోపుకు ఆమె ఎడమ చెయ్యి విరిగింది. ఆకు పసరు కట్టి వెదురు బద్దలు వేశారు గానీ అది వంకరగానే అతుక్కుంది. గంగే ఆ రోజుల్లో నా దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుంటూ, “నేను కన్నది మనిషిని గాదమ్మా, సారాకుండను” అన్నది.

మా సంస్థానం దేశంలో కలిసిపోయి ఇరవై ఏళ్లు దాటిన కాలం అది. గీదం వైపు నుంచి ఒక సాధువు వచ్చాడు. ఊరూరా తిరిగి, సారా మానండి, మాంసం మానండి, తులసిపూసలు కట్టుకోండి అని చెప్పేవాడు. ఆయన చేత మెళ్లో పూసలు వేయించుకున్నవాణ్ని భగత్ అనేవారు. జోగ ఏ బుద్ధిన వెళ్లాడో వెళ్లాడు, పూసలు కట్టించుకుని వచ్చాడు. ఆ రోజు నుంచి సారా ముట్టలేదు. కోడి లేదు, చేప లేదు, ఎర్రచీమల పచ్చడి లేదు. గుడ్డు కూడా లేదు.

కొంటాలో మా వాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు, ఆ తర్వాత మెచ్చుకున్నారు. “జోగ మనవాడైపోయాడు” అన్నాడు మా ఆయన. పండక్కి కొట్టుకోమని ఒక కొబ్బరికాయ కూడా ఊరికే ఇచ్చాడు, ఆయన చేతి నుంచి ఊరికే వచ్చిన వస్తువు నేను చూసింది అదొక్కటే. మనవాడే అయితే మరి ఇంట్లోకి పిలిచి పీట వేస్తారా అని నేను అడిగాను. “నీకన్నిటికీ పెడసరమే” అన్నాడు. జోగను మెచ్చుకోవడమంతా మెట్ల మీదే జరిగింది.

గంగే మాత్రం మురిసిపోయింది. కొడుకుకు విడిగా కొత్త కుండ కొన్నది, కొత్త గరిటె చెక్కించింది. తన కుండలో కోడో ఎండుచేపో ఉడుకుతుంది గనక, ఆ కుండ నీళ్లు వీడి కుండ మీద చిలకకుండా పొయ్యి కూడా ఎడంగా వేసింది. “పూసలు గాకపోతే పలుపుతాడు మెడలేసుకోనీ, సారా మానిండు గదా, నాకదే సంబురం” అన్నది. భీమా కొడుకును ఏడిపించేవాడు. “గొడ్లకు గడ్డి మిగులుస్తవా లేదా రా?” అనేవాడట. ఏటా కొత్త పంట మొదట తినే కొత్తల పండుగకు కోడి కోసి పెద్దలకు పెట్టడం ఇంటి పెద్దగా భీమా పనే కాబట్టి జోగ పూసలకు అడ్డమేమీ రాలేదు. ఆ రెండు మూడేళ్లు ఆ ఇంట్లో ఏడుపు వినబడలేదని సన్నే చెప్పింది. ఆ పిల్ల మాట్లాడటం నేను విన్నది కూడా అప్పుడే.

ఆ తర్వాత ఒక చలికాలం చివర భీమా జీలుగు చెట్టు మీంచి జారిపడి చనిపోయాడు.

ఆ ఏడు పంట కోతలయ్యాకే గంగే పాత బియ్యం అడగడం మొదలైంది. ఎండాకాలమంతా అడిగింది. వానలు పట్టేసరికి కొట్లో పాతవి అయిపోయాయి. మా ఆయన ఆ ఏటి బియ్యమే పాతవని చెప్పి కొలవబోతే, గంగే నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని వాసన చూసి, “ఇవి ముందటేటి కోతవి గాదు సేటూ” అని తిరిగి బస్తాలో వేసింది. అప్పుడు చూశాను ఆమె చెయ్యి. కడియాలు మోచేతి దాకా జారిపోతున్నాయి.

నాకు కోపమొచ్చింది. చెయ్యి పట్టుకుని దొడ్డివైపు అరుగు మీదికి తీసుకుపోయి కూర్చోబెట్టాను. “ఏమైందే నీకు? రోగమా? కోడలు తిండి పెట్టటం లేదా?” అని అడిగాను.

“సన్నేను అనకు. అది బంగారం” అన్నది. చాలాసేపు కొంగు కొస నలిపింది. ఆ తర్వాత చెప్పింది.

వాళ్లింట్లో ఏ పంటైనా కొత్తగా ఇంటికొస్తే ముందు పెద్దలు తినాలి. బియ్యమైనా, చిక్కుడైనా, మామిడికాయైనా అంతే. ఆ ఏడాదిలో పోయిన మనిషి ఉంటే వాడు కొత్తల పండుగ నాడు మొదటిసారి ఇంట్లోకి వచ్చి పెద్దల్లో కలుస్తాడు. అందాకా వాకిట్లోనే నిలబడి ఉంటాడు, ఆకలితో. కొడుకు కోడి కోసి, కొత్తన్నంతో వండి, ఆకులో పెట్టి, సారా పోసి, లోపలికి రమ్మని పిలవాలి. పిలిచి తను మొదటి ముద్ద తినాలి, సారా తాగాలి.

“కొబ్బరికాయ కొట్టిండమ్మా జోగ” అన్నది గంగే. “అగరొత్తి ముట్టిచ్చిండు. నేను కోడి తీసుకరా అంటే, అవ్వా నేను పరహేజోన్ని, మాంసం సారా ముట్టనోన్ని, నాతోని గాదన్నడు. నువ్వు తినకున్నా సరే కోసి పెట్టురా అంటిని. పెట్టి ఏం లాభం? చచ్చినోడికి నోరేడిది? కొడుకు నోటితోనే తినాలె గదా. వీడు నమిలితే ఆయన నమిలినట్టు, వీడు మింగితే ఆయన మింగినట్టు. వీడు నోరు కట్టుకుని కూసుంటే మా ఆయన ఏం తింటడు?”

“వేరే ఎవరైనా పెట్టకూడదా? మీ పాలివాళ్లు?”

“కొడుకు చచ్చిపోతే పెడతరు. ఉన్న కొడుకును చచ్చిండని చెప్పమంటవా?” అన్నది.

జోగ, సన్నే, పిల్లలు కొత్తన్నం తిన్నారు. గంగే తినలేదు. మొగుడు తినని కొత్త తను ఎలా తింటుంది? ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆమె పొలం గింజ ముట్టలేదు. మామిడి ముట్టలేదు, చిక్కుడు ముట్టలేదు, ఇప్పపువ్వు ముట్టలేదు. మా కొట్లో పాత బియ్యం, అడవిలో తవ్వుకున్న దుంపలు. “దుంపకు కొత్తా పాతా లేదమ్మా. అది ఎన్నేండ్లదో మన్నుకే తెలుసు” అన్నది. ఇంత చెప్పి కూడా ఆమె జోగ మీద ఒక్క మాట తూలలేదు. ఇంటికి దాచుకున్న పాత బియ్యం ఒక కుండెడు ఉంటే తీసి ఆమె కొంగులో పోశాను. అవి ఎన్నాళ్లొస్తాయి? నేను ఆ రోజు వంట చేస్తూ ఏడ్చాను, అత్తగారు ఉల్లిపాయ అనుకుంది.

నేను ఊరుకునే రకం కాదు. మరుసటి బజారుకు జోగ ఉప్పు కోసం వచ్చినప్పుడు పట్టుకున్నాను. పుట్టి బుద్ధెరిగి కోడిగుడ్డు ముట్టని దాన్ని, మెళ్లో తులసిపూసలున్నవాణ్ని నిలబెట్టి కోడికూర తినమని బతిమాలాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ రోజు రాలేదు.

“ఒక్క ముక్క తినరా. మీ అయ్య కోసం. పాపమైతే నా నెత్తిన వేసుకుంటా” అన్నాను.

జోగ తల వంచుకుని నిలబడ్డాడు. బక్కగా, శుభ్రంగా, తలకు నూనె రాసుకుని ఉన్నాడు. “కోడి ఒక్కటే అయితే కండ్లు మూసుకుని మింగేటోన్ని సేటమ్మా” అన్నాడు. “సారా తాగాలె. మా అయ్యకు పోసినంక దొప్పలున్నది నేనే తాగాలె. ఒక్క గుటక తాగిన్నంటే నేను ఏడ ఆగుతనో నాకే తెల్వది. సన్నే చెయ్యి చూసినవ్ గదా. అది నేను జేసిందే. కోడికూర వాసనొచ్చినా నా నోరు సారానే అడుగుతది. రెండు ఒక్క తానే అలవాటైనయ్ నాకు. అందుకే రెండూ ఇడిసిపెట్టిన.”

“మీ అమ్మ చచ్చిపోతుందిరా.”

“నాకు కనబడుతలేదా?” అన్నాడు. “మా అయ్య వాకిట్ల ఉన్నడని అవ్వ రోజు చెప్తది. నేను పొద్దున తలుపు తీసినప్పుడల్లా తల వంచుకునే బయటికి పోత.”

అంతకుముందు వాడి మీద నాకు మహా కోపంగా ఉండేది. ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియకుండా పోయింది. ఉప్పు కట్టి ఇచ్చాను.

ఆ తర్వాత గంగే బజారుకు రావడం మానేసింది. వరి కోతలు మొదలవుతుండగా సన్నే ఒక్కతే వచ్చింది. అత్త లేవడం లేదని, జావ కూడా వద్దంటోందని చెప్పింది. “జోగ ఒప్పుకున్నడమ్మా. కొత్తల నాడు కోడి కోస్తనన్నడు, తింటనన్నడు” అన్నది. నీకు సంతోషమేనా అని అడిగాను. సన్నే తన వంకర చెయ్యి చూసుకుని, “తిననీ. నాకు ఇంకో చెయ్యి ఉన్నది గదా” అన్నది.

నేను పట్టుబట్టి మా ఆయన బండెక్కాను. ఆయన ఆ వైపు ఊళ్లలో ఉప్పు, బట్టలు అమ్ముకోవడానికి వెళుతున్నాడు. కోమటి ఆడది అడవి ఊరికి కోడి పండక్కి పోవడమేమిటని ఇంట్లో గొడవ చేశారు. గొడవ చేయనిచ్చాను.

గంగే గోడకు జారగిలబడి కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వబోయింది. పచ్చబొట్లు తప్ప ముఖంలో ఏమీ మిగల్లేదు. వాకిలి అలికి ఉంది. భీమా పాలివాడు సుక్రాం ఊరి పెద్దగా వచ్చి గడప పక్కన కూర్చున్నాడు. బయటివాళ్లం గనక మేము పందిరి కింద ఉన్నాం.

జోగ స్నానం చేసి వచ్చి, మెళ్లో పూసలు తీసి, పందిరి గుంజకున్న మేకుకు తగిలించాడు. ఆ పని చేస్తున్నప్పుడు వాడి వేళ్లు చాలాసేపు ముడి విప్పలేకపోయాయి. కోడి కోశాడు. సన్నే వండింది. గడప దగ్గర ఆకు పరిచి కొత్తన్నం, కూర పెట్టాడు. దొప్పలో సారా పోసి కొంచెం నేల మీద ఒలికించాడు, మిగతాది పక్కన పెట్టాడు. వాకిలి వైపు తిరిగి, “అయ్యా, లోపలికి రా” అని పిలిచాడు. వాకిట్లో ఎవరూ లేరు. గంగే మాత్రం అటే చూస్తూ కొంగు సర్దుకుంది, మనిషి పొలం నుంచి ఇంటికొస్తుంటే సర్దుకున్నట్టు.

జోగ ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగుడు పడలేదు. మెడ నరాలు పొంగాయి, కళ్ల నీళ్లు కారుతున్నాయి. కోడికూర వాసనకే ముక్కు మూసుకునే నేను, మింగు నాయనా, మింగు, అని మా వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంటున్నాను.

గంగే వాడి నోటివైపు చూడటం లేదు. వాడి కళ్లవైపు చూస్తోంది. నేనూ అప్పుడే గమనించాను. జోగ కళ్లు ఆకు మీద లేవు, వాకిట్లో లేవు. పక్కనున్న సారా దొప్ప మీద ఉన్నాయి. ముద్ద ఇంకా నోట్లో ఉండగానే వాడి చెయ్యి దొప్ప దగ్గరికి పోయింది. లోపల సన్నే చంటిపిల్లను పట్టుకుని గోడ మూలకు జరిగింది. ఎవరూ తొయ్యలేదు, ఆ పిల్ల ఒళ్లు దానంతటదే జరిగింది.

లేవలేని గంగే ఎలా కదిలిందో తెలియదు. పాకుతూ కొడుకు దగ్గరికి వచ్చి అరచెయ్యి వాడి నోటి కింద పట్టింది.

“ఉమ్మెయ్” అన్నది.

జోగ బిత్తరపోయి చూశాడు.

“ఉమ్మెయ్ బిడ్డా. మింగకు.”

“గంగే!” అని సుక్రాం కేకేశాడు. “పెట్టిన కూడు నోట్లకెళ్లి గుంజుకుంటవా? భీమా గడప దాక వచ్చిండు. ఇట్ల జేస్తే మళ్ల పెట్టనీకి లేదు. ఇంక ఎన్నడు లోపలికి రాడు.”

“తెలుసు” అన్నది గంగే.

జోగ తల్లి అరచేతిలో ఉమ్మేశాడు. ఆమె దాన్ని ఆకులో పెట్టి, సారా దొప్పను బోర్లించి, చెంబుతో నీళ్లు తెప్పించి పసిపిల్లాడికి కడిగినట్టు వాడి నోరు కడిగింది. మేకుకున్న పూసలు తెమ్మని సన్నేకు చెప్పి వాడి మెళ్లో తనే కట్టింది. జోగ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. “ఊకో. మీ అయ్యకు నేను చెప్పుకుంట” అన్నది. ఆ తర్వాత జోగ కుండలోంచి కొత్తన్నం వేరే ఆకులో పెట్టించుకుని, అందరూ చూస్తుండగా తిన్నది. మొగుడు తినని కొత్త. ఒక్కొక్క మెతుకూ నమిలి, మింగి, నోరు తెరిచి కొడుకుకు చూపించింది, తింటున్న చూడు అన్నట్టు. కళ్లు మాత్రం వాకిలి వైపు తిప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో మా ఆయన, “మొత్తానికి ముసలిది దారికొచ్చింది” అన్నాడు. నేను కొంటా వచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు.

ఆ తర్వాత గంగే కొన్నేళ్లు బతికింది. ఒంట్లో కాస్త కండ పట్టింది. బజారుకు వచ్చేది, చింతపండు తూకం వేయించుకునేది, కాటా వైపు చూసేది కాదు. కూర్చోమంటే కూర్చునేది. ఒకసారి నేనే, “అంతా బాగేనా గంగే?” అని అడిగాను. “ఇంట్ల బాగనే ఉన్నది. బయటనే బాగలేదు” అన్నది. ఏటా కొత్తల నాడు అందరూ లోపల తింటుంటే ఆమె వాకిట్లో ఒక్కతే కూర్చునేదట. సన్నే పిలిస్తే, “వస్త, జరసేపు మాట్లాడి వస్త” అనేదట. మొగుడి ముందు ఆమె ఎన్ని తిట్లు తిన్నదో, ఎంత బతిమాలుకున్నదో మనకు తెలియదు. నిదానస్తుడు గనక అర్థం చేసుకుని ఉంటాడని నేను అనుకుంటాను. అలా అనుకోకపోతే నాకే తోచదు.

ఆమె పోయిన కబురు మాకు ఆలస్యంగా తెలిసింది. వరికోతల తర్వాత జోగ కొట్టుకు వచ్చాడు. తలలో వెంట్రుకలు నెరిశాయి, మెళ్లో పూసలు నల్లబడ్డాయి. సారా మళ్లీ ముట్టలేదు. సన్నే, పిల్లలు సుఖంగా ఉన్నారు. సామాను కట్టించుకుని కూడా వెళ్లకుండా మెట్ల మీదే నిలబడి ఉంటే, ఏమిటని నేను బయటికి వచ్చాను.

“అవ్వకు కోడి కోస్తనన్న సేటమ్మా” అన్నాడు. “ఈసారి తింటనన్న. గిన్నేండ్లాయె, సారా నన్నేం చెయ్యది, తాగుత అన్న. అవ్వ బతికుండంగనే చెప్పిన, నీకు నేను పెడత అని. వద్దన్నది. ఒట్టు పెట్టించుకున్నది. నన్నొక్కదాన్ని లోపలికి పిలవకురా, మీ అయ్య బయట ఒక్కడే అయితడు అన్నది.”

నేను ఒక మెట్టు దిగాను.

“ఇద్దరు బయటనే ఉన్నరిప్పుడు” అన్నాడు జోగ. “సేటమ్మా, మీరు కోడి కొయ్యరు గదా, సారా పొయ్యరు గదా. మరి మీ పెద్దలు లోపలికి ఎట్లొస్తరు? మీ దాంట్ల ఏమన్న ఉన్నదా, నా అసొంటోడు చేసేటిది? పూసలున్నోడు పిలిస్తే మా అయ్య, మా అవ్వ వచ్చేటిది?”

పూసలు కట్టిన సాధువు, మెచ్చుకున్నవాళ్లు, మనవాడైపోయాడన్న మా ఆయన, ఎవరూ ఈ ఒక్క సంగతి అతనికి చెప్పలేదు. మాకు పిండాలున్నాయి, నువ్వులున్నాయి, మంత్రం చెప్పే బ్రాహ్మణుడున్నాడు. ఆ మంత్రంలో భీమా పేరు ఎక్కడ పెడతారు? గంగేను ఏ గోత్రంతో పిలుస్తారు? పిలిచినా ఆ బియ్యప్పిండి ముద్దకు వాళ్లెందుకు వస్తారు? ఉన్నదని చెప్పి పంపిస్తే ఆ పూటకు వాడికి ఊరటగా ఉండేది. గంగే కొడుక్కి అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

“లేదు జోగా” అన్నాను.

“ఉంటదేమో అనుకున్న” అన్నాడు.